పాఠకుల ప్రశ్నలు: శ్రీపెరుంబుదూరులో తేలిందెంత, తేలనిదెంత

మే నెల వస్తే రాజీవ్ గాంధీ హత్య గురించి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈసారి నల్గొండ, పాలమూరు వైపు నుంచి మరీ ఎక్కువ వచ్చాయి. చాలావాటి వెనక ఫోన్లలో తిరుగుతున్న మెసేజులు ఉన్నాయి. ఒకే సంగతి పదిమంది అడిగితే ఒక్క ప్రశ్నగా కలిపాం. చిన్నవయసు పాఠకుల కోసం ముందు రెండు మాటలు. 1991 మే 21 రాత్రి పదిన్నర కావస్తుండగా, మద్రాసుకు నలభై కిలోమీటర్ల దూరంలోని శ్రీపెరుంబుదూరు ఎన్నికల సభలో ధను అనే యువతి రాజీవ్‌కు దండ వేసి, కాళ్ళకు మొక్కుతున్నట్టు వంగి, నడుముకు కట్టుకున్న బాంబు పేల్చుకుంది. అంతకు కొన్ని గంటల ముందు రాజీవ్ విశాఖపట్నంలో ప్రచారంలో ఉన్నారు.

2022లో అందరినీ వదిలేశారు కదా. అంటే ముప్పై ఏళ్ళు నడిపిన కేసు అబద్ధమన్నట్టేనా?
– ఎరువుల దుకాణదారు, హాలియా

కాదు. జైలు గేటు దాటినవాళ్ళంతా నిర్దోషులు కారు. ఈ కేసులో శిక్ష తగ్గడానికి, గేటు తెరుచుకోవడానికి వేర్వేరుసార్లు వేర్వేరు కారణాలున్నాయి.

సీబీఐ ప్రత్యేక దర్యాప్తు బృందం 41 మందిని నిందితులుగా చూపింది. అందులో 12 మంది అప్పటికే చనిపోయారు. శ్రీలంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈ నాయకులు ప్రభాకరన్, పొట్టు అమ్మాన్, అఖిల దొరకలేదు. మిగిలిన 26 మందికీ 1998 జనవరి 28న టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు ఉరిశిక్ష వేసింది. ఒకే కేసులో 26 ఉరిశిక్షలు! 1999 మే 11న సుప్రీంకోర్టు దాన్ని జల్లెడ పట్టింది. 19 మందిని హత్యానేరం నుంచి తప్పించింది. వారిలో కొందరికి చిన్న నేరాల కింద పడ్డ శిక్ష అప్పటికే అనుభవించిన జైలుతో సరిపోయింది. ఏడుగురి నేరాన్ని ఖాయం చేసింది. నళిని, మురుగన్, శాంతన్, పేరరివాలన్‌లకు ఉరి; రాబర్ట్ పయస్, జయకుమార్, రవిచంద్రన్‌లకు యావజ్జీవం. నళిని విషయంలో ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ థామస్ ఉరి వద్దన్నారు, మిగతా ఇద్దరు ఒప్పుకోలేదు.

నళిని ఉరిని 2000లో తమిళనాడు గవర్నర్ యావజ్జీవంగా మార్చారు. మిగతా ముగ్గురి క్షమాభిక్ష అర్జీలు పదకొండేళ్ళు పెండింగులో పడి ఉన్నాయి. అంతకాలం మెడ మీద తాడు వేలాడదీయడం తగదని 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వారికీ శిక్ష తగ్గించింది. తర్వాత 2018లో తమిళనాడు మంత్రివర్గం విడుదలకు సిఫారసు చేసింది. గవర్నర్ ఏదీ తేల్చలేదు. చివరికి రాజ్యాంగంలో సుప్రీంకోర్టుకు ప్రత్యేకాధికారం ఇచ్చే 142వ అధికరణం కింద కోర్టే 2022 మే 18న పేరరివాలన్‌ను, నవంబర్ 11న మిగతా ఆరుగురిని విడుదల చేసింది. 2014, 2022 ఉత్తర్వుల్లో 'వీళ్ళు ఈ పని చేయలేదు' అన్న మాట ఎక్కడా లేదు. శిక్ష ముగిసింది, నేర నిర్ధారణ అలాగే ఉంది.

మీ మెసేజులో ఒక్క నిజం మాత్రం దాగి ఉంది. పేరరివాలన్ మీద ప్రధాన ఆరోపణ, బెల్టుకు వాడిన రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడని. అవి దేనికో తనకు తెలియదని అతను చెప్పిన మాటను వాంగ్మూలంలో రాయలేదని, దాన్ని రాసిన సీబీఐ అధికారే 2013లో బయటపెట్టారు. అది నిజంగా పెద్ద లోపం. ఆ ఒక్క మనిషి శిక్ష మీద అనుమానం రావడానికి అది చాలు. కానీ హత్య ఎవరు చేయించారన్న ప్రశ్నకు జవాబు దానితో మారదు.

'కుట్ర సిద్ధాంతాలు నమ్మొద్దు' అంటారు మీరు. కోర్టే కుట్ర అంది కదా?
– లా విద్యార్థిని, మహబూబ్‌నగర్

మంచి చోట పట్టుకున్నారు. ఈ కేసు నిలబడిందే అప్పటి భారత శిక్షాస్మృతి 120-బి మీద, అంటే నేరపూరిత కుట్ర మీద. ఇద్దరు కలిసి నేరం చేద్దామని ఒప్పుకున్నా చట్టానికి అది కుట్రే. ఇక్కడ ఎల్టీటీఈ నిర్ణయించిందని, శివరాసన్ నడిపాడని, ధను అమలు చేసిందని, ఆమె తప్పితే దిగడానికి శుభ సిద్ధంగా ఉందని తేలింది. మే 7న మద్రాసు నందనంలో వీపీ సింగ్ సభకు వెళ్ళి, నాయకుడి దగ్గరికి ఎంతవరకు పోగలరో సరిచూసుకున్నారు కూడా.

జనం కుట్ర అనేది మరోదాన్ని: ఎల్టీటీఈ వెనక ఇంకెవరున్నారు? సీఐఏ, మొసాద్ వంటి విదేశీ గూఢచారి సంస్థలు, ఖలిస్తానీలు, రాజకీయ పరిచయాలున్న స్వామీజీ చంద్రస్వామి, సొంత పార్టీవాళ్ళు అంటూ పేర్లు చాలా తిరిగాయి. వీటిలో ఏదీ కోర్టులో సాక్ష్యంగా నిలవలేదు. అసలు అభియోగపత్రం దాకానే రాలేదు. మనం మూడు గంపలు పెట్టుకోవాలి. కోర్టు నిర్ధారించినది ఒకదాంట్లో, కమిషన్ అనుమానించినది ఒకదాంట్లో, జనం అనుకునేది మూడోదాంట్లో. మూడో గంపలోది తీసి మొదటిదాంట్లో వేస్తేనే తంటా.

ఇంకో మెలిక ఉంది, పరీక్షల్లో మీకు పనికొస్తుంది. ఇది టాడా కింద ఉగ్రవాద చర్య కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వాన్ని భయపెట్టడానికో ప్రజల్లో భీతి పుట్టించడానికో కాకుండా ఒక వ్యక్తి మీద కక్షతో చేశారంది. అయినా టాడా 15వ సెక్షన్ కింద ఎస్పీ స్థాయి అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాలను మాత్రం సాక్ష్యంగా తీసుకుంది. మామూలు కేసులో పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదు, అప్పటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ దానికి అడ్డు. టాడా పేరు చెబితే మన జిల్లాల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. తీర్పు మీద న్యాయంగా చేయగల విమర్శ ఏదైనా ఉంటే అది ఈ వాంగ్మూలాల దగ్గరే. విదేశీ గూఢచారి సంస్థల దాకా పోనక్కర్లేదు.

జైన్ కమిషన్ అన్ని సంపుటాలు రాసింది. అందులో ఉన్నదాన్ని కోర్టులు ఎందుకు పట్టించుకోలేదు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్

కమిషన్ రిపోర్టు తీర్పు కాదు గనక. దాదాపు ప్రతి గొడవా ఈ తేడా తెలియకనే పుడుతోంది, అందుకే కాస్త విడమరచి చెబుతాం.

కమిషన్లు రెండు. హత్య జరిగిన వారంలోపే వేసిన వర్మ కమిషన్ భద్రతాలోపాలు చూసి 1992లో నివేదిక ఇచ్చింది. 1991 ఆగస్టులో వేసిన జైన్ కమిషన్ పని కుట్ర సంగతి చూడటం. అది ఆరేళ్ళు దాటి సాగింది. మధ్యంతర నివేదిక 1997 ఆగస్టులో ఇస్తే, నవంబర్‌లో పత్రికకు పొక్కింది. అందులో డీఎంకే మీద విమర్శలున్నాయని, ఆ పార్టీ మంత్రులను తప్పించాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. ఐకే గుజ్రాల్ ప్రభుత్వం పడిపోయింది. ఒక మధ్యంతర నివేదిక ఒక ప్రభుత్వాన్ని కూల్చిందంటే, దానికి తీర్పంత బలం ఉందని జనం అనుకోవడంలో వింత లేదు. కానీ హత్య కేసు నిందితుల్లో డీఎంకే నాయకుడు ఒక్కరూ లేరు.

కమిషన్లు నడిచేది 1952 విచారణ కమిషన్ల చట్టం కింద. కమిషన్ సాక్షులను పిలిపించగలదు, అఫిడవిట్లు తీసుకోగలదు, కాగితాలు తెప్పించగలదు. శిక్ష వేయలేదు. 6వ సెక్షన్ ప్రకారం కమిషన్ ముందు సాక్షి చెప్పిన మాటను తర్వాత ఆ సాక్షి మీదనే కేసులో వాడకూడదు. అబద్ధపు సాక్ష్యం చెప్పాడన్న కేసు ఒక్కటే మినహాయింపు. సాక్షులు భయం లేకుండా మాట్లాడాలని ఆ ఏర్పాటు. దాని రెండో వైపు చూడండి: భయం లేదు గనక విన్నదీ కన్నదీ కలిపి చెప్పేవాళ్ళూ వస్తారు. కోర్టులో అయితే ప్రతి మాటకూ ఎదుటి వకీలు అడ్డు తగులుతాడు, 'నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా' అని గుచ్చి అడుగుతాడు. కమిషన్ దగ్గర ఆ వడపోత పలచన.

అఫిడవిట్ వేసినవాడి మాట కూడా రిపోర్టు పేజీల్లోకి ఎక్కుతుంది. పదేళ్ళ తర్వాత ఎవరో ఆ పేజీ ఫోటో తీసి 'జైన్ కమిషన్ చెప్పింది' అని పంపుతారు. చెప్పింది కమిషన్ కాదు, దాని ముందుకు వచ్చిన మనిషి. పేజీ కనబడగానే పై పేరా చూడండి. 'సాక్షి వాంగ్మూలం ప్రకారం' అని ఉందా, 'కమిషన్ అభిప్రాయం' అని ఉందా? సగం పుకార్లు అక్కడే తేలిపోతాయి.

కమిషన్ నిజంగా అనుమానించినవీ ఉన్నాయి. చంద్రస్వామి పాత్రను లోతుగా దర్యాప్తు చేయాలంది. ప్రాణహాని ఉందని పాలస్తీనా నాయకుడు అరాఫత్ ముందే హెచ్చరించారన్న మాటనూ పరిశీలించింది. దాని సిఫారసుల మీద సీబీఐ కింద అనేక సంస్థల అధికారులతో 1998లో ఒక బృందం ఏర్పడింది. ఆ బృందం ఇరవై ఏళ్ళు దాటి నడిచినా కొత్తగా ఒక్కరి మీద కూడా హత్యా కుట్ర అభియోగం రాలేదు. చంద్రస్వామి మీద ఈ కేసులో ఎన్నడూ అభియోగం పెట్టలేదు, 2017లో ఆయనా పోయారు. దీన్నుంచి 'ఏమీ లేదు' అని తేల్చలేం. అలాగని 'ఉంది, దాచారు' అని ఖాయం చేయడానికీ కుదరదు. అంత నిదానంగా సాగిన బృందం మీద మాత్రం మాకు మంచి అభిప్రాయం లేదు.

హరిబాబు ఫోటోలు తర్వాత తయారుచేసినవని ఒక వీడియోలో చెప్పారు. అంత పేలుడులో కెమెరా ఎట్ల మిగిలింది?
– స్టూడియో యజమాని, జడ్చర్ల

మీరు రీలు కాలం చూసినవారే అయితే మీకే తెలియాలి. ఆ రాత్రి సభలో ఫోటోలు తీస్తూ పేలుడులో పోయిన హరిబాబు మెడలోని చినాన్ కెమెరా అతని శవం మీద దొరికింది, లోపలి రీలు చెడలేదు. పేలుడు నుంచి దూసుకొచ్చినవి చిన్న ఉక్కు గుళికలు. అవి తగిలినచోట మనిషిని చీల్చాయి. అడ్డుగా ఉన్న మనిషి వెనక వస్తువు మిగిలింది. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఒకటి నుజ్జయి ఒకటి మిగలడం పేలుళ్ళలో మామూలే.

రీలులో పది ఫ్రేములు. దండ పట్టుకున్న ధను వరుసలో నిలబడి ఉంది, పక్కన కవిత చదవడానికి వచ్చిన చిన్నపిల్ల, ఆమె తల్లి. మరో ఫ్రేములో తెల్ల కుర్తా పైజామాలో, చేతిలో నోట్‌పుస్తకంతో విలేకరిలా నిలబడ్డ మనిషి, అతనే శివరాసన్. చివరి ఫ్రేములో పేలుడు వెలుగు. ఒకే రీలు మీద వరుస నంబర్లతో నెగటివ్ ఉంటుంది. మధ్యలో ఒకటి ఇరికించాలంటే రీలు కోయాలి, కోస్తే అంచు చెబుతుంది. పైగా ఈ ఫోటోలు తీసినవాడు పోలీసులకు పనిచేయలేదు. కోర్టు నిర్ధారణ ప్రకారం అతను కుట్ర మనిషే, పని జరిగిందని రుజువు కోసం తీస్తున్నాడు. తన పక్షం వాళ్ళకే ఉరితాడు తయారుచేయడానికి ఎవడైనా చచ్చిపోతూ ఫోటోలు సృష్టిస్తాడా?

ఫోటో ఒక్కదాని మీదే కేసు నిలవలేదు కూడా. ధను వేసిన గంధపు దండ మద్రాసులోని పూంపుహార్ హస్తకళల దుకాణంలో కొన్నది, హరిబాబు ఇంట్లో దాని బిల్లు దొరికింది. బాంబు పూలబుట్టలో కాదు, వేదిక కింద కాదు, మనిషి ఒంటి మీదే ఉందని తేల్చింది తమిళనాడు ఫోరెన్సిక్ డైరెక్టర్ ప్రొఫెసర్ చంద్రశేఖరన్. ధను తల, కాళ్ళు చేతులు దొరికాయి, నడుము భాగం దాదాపు లేదు. దూరాన పేలితే శరీరం ఒక వైపు దెబ్బతింటుంది. నడుముకు కట్టుకుంటేనే మధ్యభాగం మాయమై రెండు కొసలు మిగులుతాయి. బెల్టు గుడ్డ పేలికలు, తీగ ముక్కలు, స్విచ్చి దీనికి తోడయ్యాయి.

శివరాసన్‌ను ప్రాణాలతో ఎందుకు పట్టుకోలేదు? నోరు మూయించడానికేనా?
– ఆటో డ్రైవర్, సూర్యాపేట

ఈ కేసులో నిజంగా చేయి జారిన చోటు ఇదే. దర్యాప్తు బృందానికి నాయకుడు డీఆర్ కార్తికేయన్. నియమించేనాటికి ఆయన మన హైదరాబాద్‌లోనే సీఆర్పీఎఫ్ ఐజీ. బృందం మూడు నెలల్లో బెంగళూరు శివారు కోననకుంటెలోని ఇల్లు పట్టుకుంది. ఆగస్టు 18 సాయంత్రానికే చుట్టుముట్టారు, 20 తెల్లవారుజామున గానీ లోపలికి పోలేదు. కమాండోలు రావాలి, సైనైడ్‌కు విరుగుడు మందు సిద్ధం కావాలి, ప్రాణాలతోనే పట్టాలి అన్నది పై ఆలోచన. ఎల్టీటీఈ వాళ్ళ మెడలో సైనైడ్ గొట్టం ఉంటుందని అందరికీ తెలుసు. దాన్ని కొరికితే మందు ఎక్కించే వ్యవధి నిమిషాల్లో ఉంటుంది. ఒకటిన్నర రోజు బయట లారీలు, జీపులు చేరుతుంటే లోపలివాళ్ళకు తెలియకుండా ఉంటుందా? శివరాసన్ తుపాకీతో కాల్చుకున్నాడు, శుభ, మిగతావాళ్ళు సైనైడ్ మింగారు. ఏడు శవాలు.

ప్రాణాలతో పట్టాలన్న ఆత్రమే వాళ్ళు చచ్చే వ్యవధి ఇచ్చింది. దీన్ని తెలివితక్కువ అనండి, ఒప్పుకుంటాం. నోరు మూయించడానికే అయితే 18 రాత్రే కాల్పులు మొదలయ్యేవి.

ఆ ఇంట్లో పోయింది పైకి పోయే దారి. ఆజ్ఞ ఎవరు, ఏ మాటల్లో ఇచ్చారో చెప్పగలిగిన మనిషి శివరాసన్ ఒక్కడే. ధను, హరిబాబు అక్కడికక్కడే పోయారు. 2009 మేలో శ్రీలంక సైన్యం చేతిలో ప్రభాకరన్ పోయాడు. 2006లో ఎల్టీటీఈ ప్రతినిధి అంటన్ బాలసింగం ఒక టీవీ ఇంటర్వ్యూలో దీన్ని మహా విషాదమన్నాడు, విచారం వ్యక్తం చేశాడు. ఎవరు చేయించారో మాత్రం నోరు విప్పి చెప్పలేదు. ఇన్ని నోళ్ళు మూతపడ్డచోట పుకారు పుట్టకుండా ఉంటుందా?

ఎస్పీజీ భద్రత తీసేయడమే కుట్రకు మొదటి మెట్టు అంటున్నారు. పెద్ద నాయకుడు ఒక్కరికీ దెబ్బ తగలకపోవడం ఏమిటి?
– పాఠకుడు, కోదాడ

ఎస్పీజీ అంటే ప్రధాని రక్షణకు పెట్టిన ప్రత్యేక దళం. ఇలాంటి మెసేజుకు ముందు తేదీలు పెట్టి చూడాలి. మీరు పంపినదాంట్లో 'హత్యకు ముందు చంద్రశేఖర్ ప్రభుత్వం తీసేసింది' అని ఉంది. తీసేసింది 1990 మొదట్లో, వీపీ సింగ్ ప్రధానిగా ఉన్నప్పుడు. చంద్రశేఖర్ వచ్చింది 1990 నవంబర్‌లో, అదీ కాంగ్రెస్ మద్దతుతో. 1988 ఎస్పీజీ చట్టంలో రక్షణ ప్రధానికీ ఆయన దగ్గరి కుటుంబానికే ఉంది, మాజీల మాట లేదు. రాజీవ్ పోయాకే 1991లో చట్టం సవరించి మాజీలను చేర్చారు. తీసేశాక దానికి దీటైన ఏర్పాటు చేయకపోవడం తప్పని వర్మ కమిషన్ తేల్చి చెప్పింది. రాష్ట్ర పోలీసులనూ, సభ నిర్వహణలో అడ్డుపడ్డ పార్టీవాళ్ళనూ వదల్లేదు.

ఆ రాత్రి దండలు వేసే వరుసలో ఎవరుండాలో జాబితా ఉంది, ధను అందులో లేదు. అనసూయ అనే మహిళా ఎస్సై ఆమెను వెనక్కి నెట్టింది కూడా. 'అందరికీ అవకాశం ఇవ్వండి, కంగారు పడకండి' అన్నట్టు రాజీవే వారించారు. మెటల్ డిటెక్టర్ దాటకుండా వేదిక దగ్గరికి మనిషి రాకూడదన్న ఒక్క నియమం పాటించి ఉంటే చాలేది. మన దగ్గర ఎన్నికల సభల్లో 'అన్నా, ఒక్క శాలువా' అంటూ బారికేడ్ కింది నుంచి దూరేవాళ్ళను చూస్తే ఇదెంత సులువో తెలుస్తుంది.

ఇక పెద్దలకు దెబ్బ తగలకపోవడం. ఆయనను ఆనుకుని ఉన్నది పోలీసులు, దండలు వేసేవాళ్ళు, వాళ్ళే పోయారు. తొమ్మిది మంది పోలీసులు పోయారు. తమిళనాడు కాంగ్రెస్ నేత మూపనార్ వంటివారు కొన్ని అడుగుల వెనక ఉన్నారు, మధ్యలో మనుషులున్నారు. నాయకుడు జనంలోకి పోతే వెంట ఉన్న పెద్దలు వెనకబడటం మామూలు విషయం.

ఆయన చావే కాంగ్రెస్‌ను గెలిపించిందంటారు. నిజమా?
– పాఠకురాలు, మిర్యాలగూడ

దేశం మొత్తం మీద కొంత నిజం. మే 20న 211 స్థానాల్లో పోలింగ్ అయింది, మిగతావి వాయిదా పడి జూన్ 12, 15న జరిగాయి. జూన్‌లో కాంగ్రెస్ బాగా మెరుగుపడింది. అయితే రెండు విడతల్లో ఓటేసిన స్థానాలు వేరువేరు. కాబట్టి తేడా మొత్తం సానుభూతి ఖాతాలో వేయలేం.

మన లెక్క చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. 1989లో రాజీవ్ దేశంలో ఓడినా ఆంధ్రప్రదేశ్ 42లో 39 స్థానాలు ఇచ్చింది. అదే ఏడాది కల్వకుర్తిలో ఎన్టీఆరే ఓడారు. 1991లో, ఆయన పోయిన ఎన్నికలో, అదే కాంగ్రెస్‌కు వచ్చినవి 25. సీపీఐకి రాష్ట్రంలో దక్కిన ఒక్క స్థానం నల్గొండ, బొమ్మగాని ధర్మభిక్షం. సీపీఎంకు దక్కిన ఒక్కటీ మీ మిర్యాలగూడ, భీమిరెడ్డి నర్సింహారెడ్డి. రెండూ అంతకు ముందు కాంగ్రెస్‌వే. ఏడ్చినవాళ్ళంతా ఓటేయలేదన్నమాట.

మా జిల్లాలో ఎటు చూసినా రాజీవ్ పేరే. నిజంగా ఆయన చేసినదేంటి, పేరు పెట్టినదేంటి?
– డిగ్రీ అధ్యాపకుడు, వనపర్తి

బోర్డులు పక్కనపెడితే లెక్క తేలికవుతుంది. రాజీవ్ భీమా ఎత్తిపోతల (2.03 లక్షల ఎకరాలకు అనుకున్నది), మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాల్లో 2007 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం: ఇవన్నీ ఆయన పోయాక పదిహేనేళ్ళకు వచ్చినవి. మంచిచెడ్డలు వాటిని కట్టినవాళ్ళవి.

ఆయన కాలంలోవి వేరే ఉన్నాయి. వట్టెం, చలకుర్తి నవోదయలు 1986 విద్యావిధానం పంట. పల్లె పిల్లలకు ప్రవేశపరీక్షతో ఉచిత హాస్టల్ చదువు. ఓటు వయసు 21 నుంచి 18కి దించిన 61వ సవరణ 1989 మార్చిలో అమలైంది. ఫిరాయింపుల నిరోధానికి 52వ సవరణ 1985లో తెచ్చారు. అది ఇప్పుడు ఎంత బాగా పనిచేస్తోందో తెలంగాణ పాఠకులకు మేం చెప్పాలా! పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చే 64వ సవరణ బిల్లు 1989 అక్టోబర్‌లో రాజ్యసభలో కొద్ది ఓట్లతో వీగింది. తర్వాత పీవీ కాలంలో 73వ సవరణగా వచ్చి 1993 ఏప్రిల్ 24 నుంచి అమలైంది. ఎన్టీఆర్ అప్పటికే మండలాలు పెట్టేశారు. రాష్ట్రాలను దాటి ఢిల్లీ నేరుగా పల్లెలతో మాట్లాడే ఎత్తు అని ప్రతిపక్షం అనుమానించింది, ఆ అనుమానం అర్థం లేనిది కాదు.

నల్గొండ దృష్టితో చూస్తే అన్నిటికన్నా ముఖ్యమైనది 1986 తాగునీటి టెక్నాలజీ మిషన్. ఫ్లోరైడ్, నారికురుపు (గినియా పురుగు జబ్బు) రెండూ అందులో విడి అంశాలు. నారికురుపు దేశంలో 1996 తర్వాత మళ్ళీ కనబడలేదు. దిగుడుబావిలో కాళ్ళు పెట్టకుండా మెట్లు మూయడం, నీళ్ళు గుడ్డతో వడగట్టడం, చేతిపంపులు వేయడం. పని చిన్నది, పట్టుదల పెద్దది. ఫ్లోరైడ్ దగ్గర అంత ఫలితం రాలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన 'నల్గొండ పద్ధతి'నే నమ్ముకున్నారు. నీళ్ళలో పటిక, పటికలో సుమారు ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ వేసి నెమ్మదిగా కలుపుతూ పోతే తెట్టె కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంటసేపు కదపకుండా ఉంచి పైనీళ్ళు తీసుకోవాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపుకు తేవాలి. కాగితం మీద చక్కటి పద్ధతి. ఊళ్ళో ఏమైందంటే, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే పటిక అంత ఎక్కువ పోయాలి. బోరు మారితే మోతాదు మారుతుంది, కొలిచేవాడు లేడు. తక్కువ పడితే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువ పడితే నీళ్ళు పుల్లగా వగరుగా ఉండి జనం తాగరు, అల్యూమినియం మిగులుతుంది. అడుగు బురద ఎక్కడ పోయాలో తెలియదు. పటిక కొనడానికి పంచాయతీలో పైసలుండవు. మర్రిగూడ వైపు ఎముకలు వంకర తిరిగినవాళ్ళకు చివరికి ఊరట కృష్ణ నీళ్ళు రావడంతోనే. అసలు సమస్యను చూసినందుకు మిషన్‌కు మార్కులివ్వొచ్చు, మందు ఎంపికకు ఇవ్వలేం.

తూకం రెండో వైపు కూడా బరువే. 1984 సిక్కుల ఊచకోత తర్వాత నవంబర్ 19న 'పెద్ద చెట్టు కూలితే నేల కంపిస్తుంది' అన్న మాట. విడాకులైన ముస్లిం మహిళకు భరణం ఇవ్వాలన్న షాబానో తీర్పును తిప్పేసిన 1986 చట్టం. శాంతిసేనను శ్రీలంకకు పంపి వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకోవడం. ఆయన చావుకు మూలం అక్కడే ఉంది. మళ్ళీ గెలిస్తే సైన్యాన్ని తిరిగి పంపుతారన్న భయమే ఎల్టీటీఈని కదిలించిందని కేసు చెబుతుంది. మనవైపుది మరొకటి: 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను అందరిముందూ కసురుకోవడం. అప్పుడాయన ఎంపీ మాత్రమే. నెల తిరిగేసరికి తెలుగుదేశం పుట్టింది. ఆత్మగౌరవం అన్న నినాదానికి ఆ పది నిమిషాలు ఎంత ఉపయోగపడ్డాయో ఎన్టీఆర్ ప్రసంగాలు విన్నవాళ్ళకు గుర్తుంటుంది.

బోఫోర్స్‌లో ఆయన తిన్నట్టా, తిననట్టా?
– పాఠకుడు, గద్వాల

స్వీడన్ కంపెనీ బోఫోర్స్ నుంచి 1,437 కోట్లకు 410 శతఘ్నులు కొన్నారు. ముడుపులు చేతులు మారాయని 1987 ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో చెప్పింది. రాజీవ్‌కు డబ్బు చేరిందన్న సాక్ష్యం లేదని 2004 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆయన మీది ఆరోపణలు కొట్టేసింది. దర్యాప్తును సాగదీసిన తీరు వేరే సంగతి, దానికి ఆయన ప్రభుత్వమే బాధ్యత వహించాలి.

కెన్నెడీ హత్యలాగే ఇదీ ఎప్పటికీ తేలదా?
– ఇంటర్ విద్యార్థి, దేవరకొండ

పోలిక సగమే కుదురుతుంది. అక్కడ నిందితుడు ఆస్వాల్డ్ రెండు రోజులకే హతుడయ్యాడు, విచారణే జరగలేదు. 1964లో వారెన్ కమిషన్ ఒక్కడే చేశాడంది. 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒక ధ్వని రికార్డును నమ్మి బహుశా కుట్ర ఉందంది. 1982లో శాస్త్రవేత్తలు ఆ రికార్డు విశ్లేషణనే తోసిపుచ్చారు. మన దగ్గర సాక్షులను అడ్డు ప్రశ్నలు వేసి విచారించిన కేసు, సుప్రీంకోర్టు తీర్పు ఉన్నాయి. కెన్నెడీ పుస్తకాల్లోని అనుమానాలు తెచ్చి ఇక్కడ అతికించకండి.

మేమే స్వయంగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సమాచార హక్కు కింద అడగొచ్చా?
– పాఠకుల బృందం, నాగర్‌కర్నూల్

ముందు 1999 మే 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు. నళిని పేరు, తేదీ పెట్టి వెతికితే కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో మూడు తీర్పులున్నాయి. జస్టిస్ వాధ్వాది అన్నిటికన్నా పొడుగు, సంఘటనల వరుస అందులోనే ఉంది. దాన్ని ముందు చదివి, తర్వాత జస్టిస్ థామస్, జస్టిస్ ఖాద్రి చదవండి. ఒక నోట్‌పుస్తకంలో ఒక్కో నిందితుడికి ఒక్కో పేజీ పెట్టి ఏ సాక్ష్యం, ఎవరి వాంగ్మూలం అని రాసుకోండి. లేకపోతే అరవ పేర్లు, మారుపేర్లు కలిసిపోయి వందో పేజీకే చేతులెత్తేస్తారు. వర్మ, జైన్ నివేదికలు ఆ తర్వాతే.

సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. సీబీఐకి పంపి లాభం లేదు. 2011 నుంచి దానికి 24వ సెక్షన్ మినహాయింపు ఉంది. ఇంటెలిజెన్స్ బ్యూరో, రా సంస్థలకు చట్టం వచ్చినప్పటి నుంచీ ఉంది. దరఖాస్తు కేంద్ర హోంశాఖకు పెట్టండి. 'హత్య వెనక ఎవరున్నారు' అని అడిగితే తిరిగొస్తుంది, అభిప్రాయాలు చెప్పే బాధ్యత వాళ్ళకు లేదు. కాగితం అడగండి: జైన్ కమిషన్ తుది నివేదిక మీద 1998లో పార్లమెంటుకు సమర్పించిన చర్యల నివేదిక ప్రతి, ఫలానా పేజీలు అని. దర్యాప్తు సాగుతోందని 8(1)(హెచ్) చూపి తిరస్కరిస్తే, సమాచారం ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో చెప్పమని 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ఇరవై ఏళ్ళు దాటిన సంగతులకు 8(3) ఉంది, దరఖాస్తులోనే ఆ సెక్షన్ రాయండి. ఫీజు పోస్టల్ ఆర్డర్ మీద అకౌంట్స్ ఆఫీసర్ అని రాయాలి. ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేసి దరఖాస్తు వెనక్కి తెప్పించుకునేవాళ్ళు చాలామంది.